వినేదెవరో తెలియని మాట

(ఉత్తరాంధ్రలోని రావికమతంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి స్మృత్యర్థం చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ జీవితాన్ని ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేరిట మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు మీకు కృతజ్ఞుణ్ణి. ఆయన స్మృతిలో జరిగే సభల్లో పుస్తకాల గురించి, చదువు గురించి మాట్లాడటం ఆచారం. నేను మాత్రం మనందరి జేబుల్లోనూ ఉన్న ఫోను గురించి, అందులోని సామాజిక మాధ్యమాల గురించి, వాటి వల్ల మన వ్యక్తిగత జీవితానికీ మన ఉద్యోగాలకూ వస్తున్న ముప్పు గురించి మాట్లాడదలచాను. ఇది గాడిచర్ల వారికి దూరమైన విషయం కాదు. ఒక మాట అన్నందుకు ఉద్యోగం పోగొట్టుకోవడమంటే ఏమిటో, రాసిన రాతకు జైలుకు పోవడమంటే ఏమిటో తెలుగునాట తొలితరంలో అనుభవించినవారిలో ఆయన అగ్రగణ్యులు.

1907 ఏప్రిల్‌లో బిపిన్‌చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించినప్పుడు ఆ ఊరి విద్యార్థిలోకం కదిలిపోయింది. వందేమాతరం బ్యాడ్జీలు గుండెల మీదికెక్కాయి. అప్పటికి ఎం.ఏ. పూర్తిచేసి ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న హరిసర్వోత్తమరావు గారిని కళాశాల నుంచి వెళ్లగొట్టి, ప్రభుత్వోద్యోగానికి అనర్హుణ్ణి చేశారు. మరుసటి ఏడాది బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడుపుతూ, తిరునల్వేలి కాల్పుల నేపథ్యంలో ‘విపరీత బుద్ధి’ అనే సంపాదకీయం రాసినందుకు రాజద్రోహం కింద మూడేళ్ల కఠిన శిక్ష పడింది. ఇరవై అయిదేళ్ల యువకుడు వెల్లూరు జైలులో ఆ శిక్ష అనుభవించాడు.

ఈ చరిత్ర మీకు తెలియనిది కాదు. ఇందులో ఒక అంశాన్ని మాత్రం వేరుచేసి మీ ముందుంచుతాను. ఆ సంపాదకీయం రాస్తున్నప్పుడు అది ఎవరు చదువుతారో గాడిచర్ల వారికి తెలుసు. తెలుగు పాఠకులు చదువుతారని తెలుసు, ప్రభుత్వ అనువాదకుడు చదువుతాడని తెలుసు, ఆపైన జిల్లా మేజిస్ట్రేటు చదువుతాడనీ తెలుసు. తెలిసే రాశారు. ప్రమాదాన్ని కళ్లారా చూసి, వెల ఎంతో లెక్కగట్టుకుని, చెల్లించడానికి సిద్ధపడి రాశారు. ఈనాడు మన పిల్లలు, మన ఉద్యోగులు, మన ఆడపడుచులు చెల్లిస్తున్న వెల అలాంటిది కాదు. తమ మాట ఎవరి చెవిన పడుతుందో తెలియకుండానే వారు మాట్లాడుతున్నారు. సామాజిక మాధ్యమాల ముప్పులు వందరకాలుగా కనిపించినా వాటన్నిటి వేరు ఇదేనని నా అభిప్రాయం. ఈ సాయంకాలం నేను చెప్పదలచిన విషయం కూడా ఇదొక్కటే.

మనిషి మాటకు ఎప్పుడూ ఒక పరిధి ఉండేది. రచ్చబండ దగ్గర మాట్లాడేవాడికి చుట్టూ ఉన్న మొహాలు కనిపించేవి. ఉత్తరం రాసేవాడు చిరునామా రాసేవాడు. అచ్చయిన కాగితానికి పూచీదారు ఉండాలని 1867 నాటి చట్టమే నిర్దేశించింది. ప్రతి పుస్తకం మీదా, పత్రిక మీదా ముద్రాపకుడి పేరు ఉండి తీరాలన్నది ఆనాటి నియమం. మన పక్కనే, 1922 ఆగస్టు 22న చింతపల్లిలో, ఆ మర్నాడు కృష్ణదేవిపేటలో పోలీసు స్టేషన్ల మీద పడిన అల్లూరి సీతారామరాజు, తీసుకుపోయిన ఆయుధాల వివరం స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని ఈ మన్యంలో తరతరాలుగా చెప్పుకుంటారు. సామ్రాజ్యాన్ని ఎదిరించినవాడు కూడా తన పేరు దాచుకోలేదు.

దీనికి విరుద్ధమైన సంప్రదాయమూ మనకు ఉంది. సంతకం లేని ఫిర్యాదులను ఆకాశరామన్న అర్జీలు అన్నారు మనవాళ్లు. కలెక్టరు కచేరీకి, తాలూకా ఆఫీసుకి, ఒక్కోసారి పెళ్లివారి ఇంటికి కూడా అవి చేరేవి. వాటివల్ల ఆగిపోయిన పెళ్లిళ్లు, బదిలీ అయిన గుమస్తాలు ప్రతి తాలూకాలోనూ ఉన్నారు. అయినా ఆ అర్జీకి కూడా ఒక హద్దుంది. రాసింది ఎవరో తెలియకపోయినా, చదివేది ఎవరో రాసినవాడికి తెలుసు. కాగితం ఒక్క బల్ల మీదికే చేరేది. కొన్నాళ్లకు ఫైలు అడుగున పడి నశించేది.

2004లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తన తోటి విద్యార్థుల కోసం ఫేస్‌బుక్‌ను తయారుచేశాడు. ఒకే ప్రాంగణంలో, ఒకే వయసువాళ్లు, ముఖపరిచయం ఉన్నవాళ్లు కబుర్లు చెప్పుకోవడానికి కట్టిన గది అది. 2006లో దాని తలుపులు లోకమంతటికీ తెరిచారు. గది కొలతలు మాత్రం మార్చలేదు. ఇవాళ మన మేనమామ, మన ప్రధానోపాధ్యాయుడు, మన పాత స్నేహితుడు, మనం మొహం చూడని అపరిచితుడు అందరూ అందులో ‘ఫ్రెండ్స్’ అనే ఒక్క జాబితాలో ఉంటారు. మేనమామతో మాట్లాడినట్టు పై అధికారితో మాట్లాడం. మన భాషలో క్రియాపదమే మారిపోతుంది. అక్కడ మాత్రం అందరికీ ఒకే పోస్టు. పైగా దాన్ని ఎవరి కంటికి ముందు చూపాలో, ఎవరికి చూపకూడదో నిర్ణయించేది మనం కాదు. ప్రకటనలు అమ్ముకుని బతికే కంపెనీ లెక్క. 2018 మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం బయటపడినప్పుడు 8 కోట్ల 70 లక్షల మంది వరకు ఫేస్‌బుక్ ఖాతాదారుల వివరాలు వారికి తెలియకుండానే రాజకీయ ప్రచారానికి చేరి ఉండవచ్చని ఆ కంపెనీయే ఒప్పుకుంది. స్నేహితుడు ఒక సరదా ప్రశ్నావళి నింపితే మన వివరాలు పోయాయి. ఆ లెక్కలో భారతీయులూ లక్షల్లో ఉన్నారు.

2016 సెప్టెంబరు తరువాత జియో రాకతో డేటా చవకయింది. పదేళ్లు తిరక్కుండా ఈ మండలంలోని చివరి ఊరికీ వాట్సాప్ చేరింది. ఒక తరం మనుషులకు, వారిలో చాలామంది గాడిచర్ల వారు కలలుగన్న వయోజన విద్య అందనివారికి, ఏ శిక్షణా లేకుండా ప్రపంచమంత సభ చేతికొచ్చింది.

ఉద్యోగాల సంగతికి వస్తాను. ఇది మన గడప ముందు జరిగింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు వైద్యుడిగా పనిచేస్తున్న డాక్టర్ సుధాకర్ మాస్కులు, రక్షణ దుస్తులు సరిపడా లేవని బహిరంగంగా అన్నారు. ఆ వీడియో చేతులు మారి ఊళ్లు దాటింది. ఏప్రిల్ 8న ఆయన్ను సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టి లాక్కెళ్లిన దృశ్యం మరో వీడియోగా దేశమంతా తిరిగింది. హైకోర్టు జోక్యం చేసుకుని సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడాది, 2021 మే 21న, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు. ఒక వీడియో ఆయన ఉద్యోగానికి ఎసరుపెడితే, ఇంకో వీడియో న్యాయస్థానం తలుపు తట్టింది. ఈ మాధ్యమాన్ని పూర్తిగా తెగడేవారూ, పూర్తిగా పొగిడేవారూ ఈ రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలి. నా మటుకు నాకు, ఆసుపత్రిలో మాస్కు లేదని చెప్పిన వైద్యుడి మాట ఆసుపత్రి గోడల మధ్యే వినే ఏర్పాటు మనకు ఉండి ఉంటే, అది వీధిలోకి రావలసిన అవసరమే ఉండేది కాదనిపిస్తుంది.

అదే 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన మీద కొన్ని ప్రశ్నలు ఫేస్‌బుక్‌లో పెట్టినందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళకు సీఐడీ నోటీసు వచ్చింది. దీన్ని ఒక పార్టీకో ఒక ప్రభుత్వానికో అంటగట్టి తృప్తిపడకండి. 2013 మేలో, ఉమ్మడి రాష్ట్రంలో, పౌరహక్కుల ప్రజాసంఘం నాయకురాలు, న్యాయవాది జయా వింధ్యాలను ఫేస్‌బుక్ పోస్టు మీద చీరాల పోలీసులు అరెస్టు చేశారు. ఆ తరువాత కొద్ది రోజుల్లోనే, ఉన్నతాధికారి అనుమతి లేకుండా ఇటువంటి అరెస్టులు జరగకూడదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో, ఇటువంటి అరెస్టులకు ఆధారమైన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌నే కొట్టివేసింది. కొట్టివేసిన సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి 2021 జులైలో అదే కోర్టు దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. 2024 నవంబరులో మన రాష్ట్రంలో పోస్టుల మీద మళ్లీ వరసగా కేసులు, అరెస్టులు జరిగాయి. ప్రభుత్వాలు మారాయి. పోస్టు పెట్టేవాడి పరిస్థితి మారలేదు.

కేసులు పెట్టిన పోస్టులన్నీ సత్యాలూ కావు, నిర్దోషమైనవీ కావు. ఇంటి ఆడవాళ్లను రచ్చకీడ్చే రాతలు వాటిలో ఉన్నాయి. వాటిని నేను ఏ హక్కు పేరుతోనూ సమర్థించను. కానీ ప్రశ్న అడిగిన పెద్దామెకూ, బూతు రాసినవాడికీ ఒకే రకం నోటీసు వెళ్లినప్పుడు పౌరుడు నేర్చుకునేది మర్యాద కాదు, భయం.

ప్రభుత్వోద్యోగి పరిస్థితి ఇంకా ఇరకాటం. మన రాష్ట్రంలో ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. పత్రికలు, రేడియో మాత్రమే తెలిసిన కాలంలో రాసిన నియమాలను స్టేటస్‌లకూ, రీల్స్‌కూ వర్తింపజేస్తున్నాం. ఒక చిత్రాన్ని తిరిగి పంచుకోవడం ‘ప్రభుత్వంపై విమర్శ’ అవుతుందా? 2025 ఏప్రిల్‌లో హైదరాబాదులో కంచ గచ్చిబౌలి భూముల వివాదం మీద కృత్రిమ మేధతో గీసిన ఒక బొమ్మను రీపోస్టు చేసినందుకు ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్‌కే పోలీసు నోటీసు అందింది. ఐఏఎస్‌కే తెలియని గీత మన పంచాయతీ కార్యదర్శికి, అంగన్‌వాడీ టీచరుకు ఎలా తెలుస్తుంది? అధికారిక పనులన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే నడుస్తున్నాయి. ఆదేశం అక్కడే వస్తుంది, ఫొటో అక్కడే పెట్టాలి, మందలింపూ అక్కడే, అందరి ముందూ. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను రాష్ట్ర ప్రభుత్వమే వాట్సాప్‌లోకి తెచ్చింది. అది మంచిపనే. కానీ పౌరుణ్ణి అక్కడికి పిలిచిన ప్రభుత్వానికి అక్కడి నడవడి నియమాలను తేటతెలుగులో రాసి ఇచ్చే బాధ్యత కూడా ఉంది.

విదేశాలకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈ సభలో ఉన్నారు. అమెరికా వీసా దరఖాస్తులో 2019 నుంచి గత అయిదేళ్ల సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు, డిసెంబరులో హెచ్-1బి వారికి, ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని నిబంధన పెట్టారు. పద్దెనిమిదేళ్ల వయసులో స్నేహితుల కోసం తెలుగులో రాసిన ఒక ఆవేశపు మాటను, అయిదేళ్ల తరువాత, ఆ ఆవేశం తెలియని ఒక అధికారి చదువుతాడు. 2020లో గల్ఫ్‌లో, యుఎఇలో, ఒక మతాన్ని కించపరిచే పోస్టుల వల్ల కొందరు భారతీయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మన కల్యాణపులోవ జలాశయం తూము ఎత్తాక నీళ్లను ఫలానా మడికే పారమని చెప్పలేం కదా, పోస్టూ అంతే.

ఇంతవరకు మన మాట వినేవారి సంగతి చెప్పాను. మనతో మాట్లాడేవాడి సంగతి ఇంకా కఠినమైనది. 2019 డిసెంబరులో ‘డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర, నౌకాదళ నిఘా సంస్థలు కలిసి జరిపిన ఆపరేషన్‌లో ఏడుగురు నావికులు అరెస్టయ్యారు. విశాఖ, కార్వార్, ముంబయి స్థావరాల్లో పనిచేసే కుర్రవాళ్లు. ఫేస్‌బుక్‌లో ఆడవారి పేర్లతో పరిచయమైన వారి వలలో పడి ఓడల కదలికల సమాచారం పాకిస్థాన్‌కు అందించారన్నది అభియోగం. ఆ నెలాఖరులోనే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. శిక్షణ పొందిన సైనికుడే తెర వెనక ఉన్నదెవరో గుర్తించలేకపోతే సామాన్యుడు గుర్తించగలడని ఎలా ఆశిస్తాం?

తెర వెనక ఉన్నది ఎవరో మనకు ఒకసారి తెలిసింది. తెలిసినప్పుడు కన్నీళ్లు వచ్చాయి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు తరలించి, పాస్‌పోర్టులు లాక్కుని, అమ్మాయిల ఫొటోలతో దొంగ ఖాతాలు నడిపిస్తూ, మన దేశంలోని వారినే మోసం చేయించారు. మాట వినకపోతే తిండి పెట్టకుండా హింసించారు. సిహనూక్‌విల్‌లో వందల మంది భారతీయులు తిరగబడ్డాక కానీ ఆ గోడలు కదలలేదు. ఆ నెలలోనే మొదటి బృందం విశాఖ చేరింది. అంటే ‘హాయ్’ అని తీయగా పలకరించిన ఆ ఖాతా వెనక మన జిల్లాల కుర్రవాడే, ప్రాణభయంతో కూర్చుని ఉండవచ్చు. మోసపోయినవాడూ మనవాడే, మోసం చేయించబడినవాడూ మనవాడే. ఉపాధి లేని చోట ఈ మాధ్యమం మనుషులను ఎలా వాడుకుంటుందో చెప్పడానికి ఇంతకన్న దారుణమైన ఉదాహరణ నాకు తెలియదు.

అప్పుల యాప్‌ల సంగతి 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో బయటపడింది. యాప్ పెట్టుకున్నప్పుడు ఫోనులోని నంబర్లన్నీ చూడటానికి అనుమతి ఇస్తాం. వాయిదా తప్పిన రోజు, అత్తవారికి, ఆఫీసువారికి, పాత మాస్టారికి సైతం ‘వీడు దొంగ’ అని మెసేజీలు వెళతాయి, మార్చిన ఫొటోలతో సహా. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు బిగించింది. అయినా 2024 డిసెంబరులో విశాఖలో కొత్తగా పెళ్లయిన ఒక మత్స్యకార యువకుడు, రెండు వేల రూపాయల అప్పు కోసం భార్య ఫొటోను మార్చి బంధువులకు పంపితే ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడు. అతని పరువు పోయిందని అతను అనుకున్నాడు. పరువు పోగొట్టుకోవలసినవారు వేరే ఉన్నారని అతనికి చెప్పే మనిషి ఆ గంటలో పక్కన లేకపోయాడు.

ఆడపిల్లల విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న ముఖాన్ని మరొక యువతి వీడియోకు అతికించి వదిలారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న నిందితుడు గుంటూరు జిల్లా యువకుడు, ఇంజినీరింగ్ చదివినవాడు. ఆమె అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. ద్వేషం కూడా కాదు, అనుచరుల సంఖ్య. ప్రఖ్యాత నటికి పోలీసులు, పత్రికలు, మంత్రులు అండగా నిలిచారు. కొత్తకోట నుంచి చోడవరం కాలేజీకి బస్సులో వెళ్లే అమ్మాయికి డీపీలోని ఫొటోతోనే అలాంటిది జరిగితే ఎవరు నిలుస్తారు? ఇంట్లో మొదటి మాట ‘ఫొటో ఎందుకు పెట్టావ్?’ అవుతుంది. రెండో మాట ‘చదువు మానెయ్’. బెదిరించేవాడి బలమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. అమ్మాయి ఇంట్లో చెప్పదన్న నమ్మకంతోనే వాడు డబ్బు అడుగుతాడు.

చట్టం లేకపోలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి గారు పదవీ విరమణ తరువాత హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహించినవారు. ఎనభై దాటిన వయసులో, మన అందరి తరఫున కోర్టుకెక్కారు. నగ్న చిత్రాల మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనల్లో రాశారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. కాగితం మీద హక్కులు పెరిగాయి. వాటిని పలికే నోరు ఊళ్లలో ఇంకా రాలేదు.

ఫోను పారేయమని నేను చెప్పను. అది సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు. నోరు మూసుకోమనీ చెప్పను. గాడిచర్ల వారి పేరిట నిలబడి ఆ సలహా ఇవ్వడం ఆయనకు ద్రోహం. తెలిసి తలకెత్తుకున్న ప్రమాదం పౌరధర్మం. డాక్టర్ సుధాకర్ లాంటివారు మాట్లాడకపోతే మాస్కుల సంగతి మనకు తెలిసేదే కాదు. తెలియక పడిన ప్రమాదం మాత్రం చదువు లోపం, ఆ లోపం సమాజానిది. అక్షరం రానివాడికి అక్షరం నేర్పడం ఆనాటి వయోజన విద్య. తన మాట ఎవరు వింటారో, ఎంతకాలం నిలుస్తుందో, తనతో మాట్లాడేది ఎవరో ఆగి ఆలోచించడం నేర్పడం ఈనాటి వయోజన విద్య. గ్రంథాలయాలు, బడులు, పొదుపు సంఘాలు ఆ పనికి పూనుకోవాలి. ప్రభుత్వం 1964 నియమావళిని ఈ కాలానికి తగినట్టు తిరగరాసి, ప్రతి ఉద్యోగికీ తెలుగులో ఇవ్వాలి.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిన వెంటనే 1930 సహాయ నంబరుకు ఫోన్ చేస్తే దాన్ని దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఆ నంబరును మన బడుల గోడల మీద, గ్రామ సచివాలయాల గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించమని సర్పంచులను, ప్రధానోపాధ్యాయులను కోరుతున్నాను. తల్లిదండ్రులను ఇంకొకటి కోరుతున్నాను. మీ అమ్మాయి, మీ అబ్బాయి ఫోను పట్టుకుని భయంతో మీ దగ్గరికి వచ్చిన రోజున, ఎందుకు చేశావని ముందు అడగకండి. ఫోనులోని మెసేజీలు చెరపనివ్వకుండా, అడిగినవాడికి రూపాయి కట్టనివ్వకుండా, బిడ్డను వెంటబెట్టుకుని ఆ రోజే పోలీసు స్టేషనుకు వెళ్లండి.